గొల్లమెరకలో అప్ ఎటు వైపు

గొల్లమెరక రైల్వే స్టేషనులో రెండు ప్లాట్‌ఫారాలున్నాయి. ఒకటి మనుషుల కోసం కట్టింది. రెండవది, బండి అటు వైపు కూడా ఆగుతుంది గనుక కట్టక తప్పనిది. మొదటిదాని మీద స్టేషను మాస్టరు గది, వెయిటింగు హాలు, రేకుల కప్పు, కుళాయి, రెండు బెంచీలు, ఊళ్ళోకి దారితీసే గేటు ఉన్నాయి. రెండవదాని మీద ఊరి పేరు రాసిన పలక, ఎండ ఉన్నాయి. సముద్రపు ఒడ్డున ఉన్న రాజనగరుకు పోయే బండ్లు మొదటిదాని మీదా, కొండల అంచున ఉన్న కోటగండికి పోయే బండ్లు రెండవదాని మీదా ఆగేవి. రైల్వే వారి భాషలో మొదటిది అప్, రెండవది డౌన్.

రాజనగరు వైపు అంతా పల్లమే. గొల్లమెరకలో గుమ్మడికాయను వదిలితే అది టిక్కెట్టు లేకుండా రాజనగరు చేరుకోగలదు. అయినా అది అప్. ఎందుకంటే రైల్వేలో ఎత్తుపల్లాలను నిర్ణయించేది భూమి కాదు, జనరల్ మేనేజరు గారి కార్యాలయం. ఆ కార్యాలయం ఉన్న ఊరికి పోయే ప్రతి బండీ అప్, అక్కణ్ణించి తిరిగి వచ్చేది డౌన్. పెద్దల దగ్గరికి వెళ్ళడం పైకి వెళ్ళడమూ, వాళ్ళ దగ్గర్నించి రావడం దిగిపోవడమూ అని మన దేశంలో పసిపిల్లలకు కూడా తెలుసు గనుక ఈ ఏర్పాటు మీద నూరేళ్ళుగా ఎవరికీ అభ్యంతరం లేదు. ఊరివాళ్ళు స్టేషనుకు అటున్న వీధిని అప్ వీధి అనీ, ఇటున్నదాన్ని డౌన్ వీధి అనీ పిలుచుకుంటూ సుఖంగానే ఉన్నారు.

అప్ ప్లాట్‌ఫారం మీద, రేకుల నీడలో, సువార్తమ్మ ఫలహారాల బడ్డీ ఉండేది. ఆమె భర్త దేవవరం రైలు పట్టాలు మరమ్మతు చేసే గ్యాంగులో పనిచేస్తూ, ఒక వానాకాలపు ఉదయం పని మీదే ప్రాణం పోగొట్టుకున్నాడు. రైల్వేవారు విచారించి, విచారం వెలిబుచ్చి, ఆమెకొక పర్మిట్టు ఇచ్చారు. 'గొల్లమెరక స్టేషనులో అప్ ప్లాట్‌ఫారముపై మాత్రమే ఫలహారములు విక్రయించుటకు' అని అందులో ఇంగ్లీషులో ఉంది. సువార్తమ్మ మిషను బోర్డింగులో ఎనిమిదో తరగతి దాకా చదివింది. అక్కడి సిస్టర్లు ఆమెకు నడుము వంచకుండా నిలబడడం, గీత తప్పకుండా రాయడం నేర్పారు. ఎందుకు అని అడగడం మాత్రం ఆమె స్వయంగా నేర్చుకుంది. పర్మిట్టును చదివిన రోజునే 'మాత్రమే' అన్న మాట దగ్గర ఆమె వేలు కాసేపు ఆగింది. అయినా ఆ కాగితానికి అద్దం కట్టించి, బడ్డీలో గ్లాసుల పైన తగిలించింది. పద్నాలుగేళ్ళుగా ఆమె బతుకు ఆ అద్దం వెనకే ఉంది.

ఇలా ఉండగా, జనరల్ మేనేజరు గారి జోను కార్యాలయాన్ని రాజనగరు నుంచి కోటగండికి మార్చారు.

స్టేషను మాస్టరు ములుకుట్ల సీతాపతిగారు ఆ ఉత్తర్వును రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చదివి, బడ్డీ దగ్గరికి వచ్చారు. ఆయనకు రిటైర్మెంటు రెండేళ్ళలో ఉంది. రూల్సు పుస్తకాన్ని దాటి ఏనాడూ తుమ్మి కూడా ఎరగరు.

"సువార్తమ్మా, రేపట్నించి అప్ అవతలి ప్లాట్‌ఫారానికి వెళ్ళిపోతోంది."

"అలాగాండీ. మరి బళ్ళు?"

"బళ్ళు ఎప్పట్లాగే వస్తాయి, ఎప్పట్లాగే పోతాయి."

"పట్టాలు?"

"పట్టాలెలా కదుల్తాయి?"

"మరి కదిలేదేంటండీ?"

సీతాపతిగారు చేతిలో కాగితాన్ని మరోసారి చూసుకుని, "నువ్వేనమ్మా," అన్నారు.

మర్నాడే ఇన్‌స్పెక్టరు కొప్పిశెట్టి త్రినాథరావు దిగాడు. ప్లాట్‌ఫారాల మీద అమ్మకాలను తనిఖీ చేయడం ఆయన ఉద్యోగం. అద్దంలోని పర్మిట్టును, తాను తెచ్చిన ఉత్తర్వును పక్కపక్కన పెట్టి, చాలా ఆనందంగా తల పంకించాడు.

"చూడమ్మా, నీ పర్మిట్టు అప్ ప్లాట్‌ఫారానికి. నువ్వున్నది డౌన్ ప్లాట్‌ఫారం మీద. ఇది అనధికార ఆక్రమణ."

"నిన్న ఇక్కడే ఉన్నానండి. మొన్నా ఇక్కడే ఉన్నాను."

"నిన్న నీకు హక్కుంది. రైల్వే అనేది నేలను బట్టి నడవదమ్మా, పదాన్ని బట్టి నడుస్తుంది."

"నేను మాత్రం నేల మీదే నడుస్తున్నానండి," అంది సువార్తమ్మ.

దేవవరంతో కలిసి పనిచేసిన ఎనిమిదిమంది గ్యాంగువాళ్ళు వచ్చి బడ్డీని భుజాల మీదికెత్తుకున్నారు. బండికి పట్టాలు మార్చే పాయింట్సుమన్ గవర్రాజు ముందు వైపు పట్టుకున్నాడు.

"వదినా, ఇడ్లీ పాత్ర దింపేదా, ఉంచే మొయ్యమంటావా?"

"ఉంచే మొయ్యండి. ఇంకా ఉడకలేదు. మీరు అటు చేరేసరికి ఉడుకుతాయి."

అవతల నీడ లేదు, నీళ్ళు లేవు, పొద్దున్న పూట మనుషులూ లేరు. ఆకలితో ఉండేది రాజనగరు పోయే జనం. వాళ్ళు నిలబడేది ఇవతల. వాళ్ళు పట్టాలకు ఇటు నిలబడి "అమ్మా, నాలుగిడ్లీ!" అని కేకలు వేసేవారు. ఆమె అటు నిలబడి వినేది.

ఇరవై రోజులకు ఇంకొక ఉత్తర్వు వచ్చింది. కోటగండిలో కట్టిన కొత్త కార్యాలయానికి ఇంజనీర్లు మూడంతస్తులు వేశారు గాని మెట్లు వేయడం మరిచిపోయారట. జనరల్ మేనేజరు గారి గది మూడో అంతస్తులో సిద్ధంగా ఉంది. ఆయన మాత్రం కిందనే ఉన్నారు. మెట్లు మంజూరయ్యే వరకు తాత్కాలికంగా ఆయన రాజనగరులోనే ఉంటారు గనుక, అప్ కూడా తాత్కాలికంగా వెనక్కి రావలసిందని ఆదేశం. బడ్డీ తిరిగొచ్చింది. కాని ఆయన గుమాస్తాల్లో సగంమంది అప్పటికే కోటగండి చేరిపోయి, అప్ మా వైపే అని అక్కణ్ణించి కాగితాలు పంపడం మొదలుపెట్టారు. రెండు అప్‌లు ఒకేసారి ఉండడం పరిపాలనకు శ్రేయస్కరం కాదని పైవారికి తోచింది. వెంటనే 'అప్ స్వరూప స్వభావ నిర్ణయ సంఘం' ఏర్పడింది.

సంఘంలో ముగ్గురు సభ్యులు, ఒక అధ్యక్షులు. రాజనగరుకు, కోటగండికి సరిగ్గా నడిమధ్య ఉండడం చేత ఎవరికీ పక్షపాతం అంటకుండా సమావేశాన్ని గొల్లమెరక వెయిటింగు హాల్లోనే పెట్టారు. టీ అందించే పని సువార్తమ్మకు పడింది.

మొదటి సభ్యుడు ఇంజనీరు. "అప్ అంటే ఎత్తు. సముద్రమట్టం నుంచి కొలిస్తే కోటగండి ఎత్తు. వివాదమే లేదు," అన్నాడు.

రెండవ సభ్యులు రిటైరైన ఇంగ్లీషు ఆచార్యులు. ఆయన ముందర ఇటుకంత నిఘంటువు ఉంది. "అంత తేలిగ్గా తేల్చకండి. ఆ రెండక్షరాల పదానికి ఇందులో నాలుగు పేజీలున్నాయి. నిద్ర లేస్తే అప్. గడువు అయిపోతే అప్. దొంగను పట్టి లోపల వేస్తే లాకప్. ముఖానికి రంగు పూస్తే మేకప్. తప్పును కప్పిపుచ్చితే కవరప్. నోరు మూసుకోమంటే షటప్. వీటిల్లో ఎక్కడైనా ఎత్తున్నదా? లాకప్పులో వేసినవాణ్ణి ఎవరైనా పైకి వెళ్ళాడంటారా?"

"కొందరు వెళ్ళారు," అన్నాడు ఇంజనీరు నెమ్మదిగా. ఆ మాటను రికార్డు నుంచి తొలగించమని అధ్యక్షులు ఆదేశించారు.

మూడవ సభ్యుడు పరిపాలనాధికారి. అంతవరకు మాట్లాడకుండా జీడిపప్పు తింటున్నాడు. "మనం ఫైలు పుటప్ చేస్తాం గదా," అన్నాడు చివరికి. "ఆ ఫైలు ఎక్కడికి వెళ్తుందో అదే అప్. దీనికి నిఘంటువెందుకు?"

ఆచార్యులవారు పుస్తకం మూసేశారు. ఫైలు ఎక్కడికి వెళ్తుంది? జనరల్ మేనేజరు గారి దగ్గరికి. ఆయన ఎక్కడుంటారు?

గ్లాసులు తీస్తున్న సువార్తమ్మకు ఒళ్ళు మండింది. "అయ్యగారు ఊళ్ళు తిరుగుతూ ఉంటారు గదండీ," అంది. "అయితే ఆయన ఏ ఊళ్ళో దిగితే ఆ ఊరే అప్ అన్నమాట. బావుందండి. రోజూ పొద్దున్నే ఆయన ఎటు ఉన్నారో చూసుకుని మేం కాపురాలు మార్చుకుంటాం."

అధ్యక్షులు ఆమెవైపు తలెత్తి చూశారు. వెటకారమనే వస్తువును ఆయన నలభయ్యేళ్ళ సర్వీసులో ఎన్నడూ ఎదుర్కొని ఉండలేదు.

"అద్భుతం," అన్నారు. "స్థానిక ప్రజల సూచన అని నమోదు చేయండి."

ఆ విధంగా మూడువందల పన్నెండు పేజీల నివేదిక తయారై, సర్క్యులరుగా బయటికొచ్చింది. పద్దెనిమిదో పేరాలో సారాంశం ఉంది. జోను అధిపతి ఇరవై నిమిషాలకు మించి ఆగిన ప్రతి చోటూ ఆయన మకాము. మకామే కేంద్ర స్థానం. కేంద్ర స్థానానికి చేరేది అప్, దాన్ని వదిలి పోయేది డౌన్. ఏ సిబ్బందీ సొంత తెలివితో ఇందుకు భిన్నంగా రాయరాదు.

మర్నాటి నుంచి రోజూ ఫోనులో కబురు వచ్చేది. సీతాపతిగారు గది బయట నల్లబల్ల మీద సుద్దతో రాసేవారు: 'నేటి అప్: ఉదయం 11 వరకు రాజనగరు వైపు, తదుపరి కోటగండి వైపు.' ఊరివాళ్ళు పొద్దున్నే వచ్చి, తిథి వారం చూసుకున్నట్టు అది చూసుకుని వెళ్ళేవారు. గవర్రాజు పాత సామాను బండి చక్రాలు నాలుగు ఊడబీకి బడ్డీకి బిగించాడు. ప్లాట్‌ఫారం చివర పట్టాల మధ్య పలకలు పరిచిన దారి ఉంది. సువార్తమ్మ దాని మీదుగా బడ్డీని తోసుకుంటూ అటూ ఇటూ తిరగసాగింది. జనరల్ మేనేజరు గారి అత్తగారికి కోటగండిలో మోకాలి నొప్పి వచ్చిన వారంలో పద్దెనిమిది సార్లు తోసింది. కోటగండికీ రాజనగరుకూ మధ్య ఆయనకున్న మేనకోడళ్ళందరి పెళ్ళిళ్ళూ ఆమె కాళ్ళకు తెలుసు. ఆయన ఎక్కడున్నారో చెప్పాలంటే గొల్లమెరకలో బడ్డీ ఎటుందో చూస్తే చాలు. ఒకసారి స్వయంగా ఆయన భార్యగారే స్టేషనుకు ఫోను చేసి, "మాస్టారూ, నేడు అప్ ఎటు?" అని అడిగారు. సీతాపతిగారు ఉన్నదున్నట్టు చెప్పారు. ఆ సాయంత్రం రాజనగరులో ఏం జరిగిందో సర్క్యులరులో లేదు.

ఒక బుధవారం పదకొండు గంటలకు అప్ మారింది. సువార్తమ్మ బడ్డీని పలకల దారి దాకా తోసుకొచ్చింది. దారికడ్డంగా గూడ్సు బండి ఆగి ఉంది. యాభై ఎనిమిది పెట్టెలు. అది కదిలేసరికి పదకొండూ ఇరవై. అప్పటిదాకా త్రినాథరావు రేకుల నీడలో గడియారం చూసుకుంటూ నిలబడే ఉన్నాడు.

"ఇరవై నిమిషాలు డౌన్ మీద ఉన్నావు," అన్నాడు. "పర్మిట్టు రద్దు. వచ్చే వారం శుక్రవారం తెల్లవారుజాము నుంచి అమలు."

"గూడ్సు బండి అడ్డముందండి! మీరు చూస్తూనే ఉన్నారు గదా!"

"గూడ్సు బండికి పర్మిట్టు అక్కర్లేదు. కావలసింది నీకు."

"ఎవరితో చెప్పుకోవాలి?"

"అప్పీలు జనరల్ మేనేజరు గారికే. స్వయంగా, కేంద్ర స్థానంలో సమర్పించుకోవాలి."

"ఆ స్థానం ఎక్కడుందండీ?"

"నీకు తెలీదా? సూచన నీదేనటగా," అన్నాడు త్రినాథరావు, పళ్ళు కనబడేలా.

ఆమె అర్జీ రాసింది. ఒక్క కొట్టివేత లేకుండా, ఒకటిన్నర పేజీ. దాన్ని పట్టుకుని రాజనగరు వెళ్ళింది. ఆయన అప్పుడే కోటగండికి బయలుదేరారన్నారు. అప్ బండిలో ఎక్కిన ఆమె దిగేసరికి డౌన్ బండిలో వచ్చినట్టు తేలింది. కోటగండి వెళ్ళింది. మెట్లు లేవు గనుక ఆయన ఆగలేదన్నారు. మంగళవారానికి తిరిగొచ్చి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, సీతాపతిగారి గదిలో నివేదిక తీసి పద్దెనిమిదో పేరా మొదటినుంచీ చదివింది.

"మాస్టారు గారూ, శుక్రవారం అయ్యగారు మన స్టేషను తనిఖీకి వస్తున్నారంటున్నారు. ఎంతసేపు?"

"నలభై నిమిషాలు."

"ఆయన ఇక్కడే ఉంటే, అప్పుడు అప్ ఎటండీ?"

సీతాపతిగారు కళ్ళజోడు తీశారు. పెట్టుకున్నారు. మళ్ళీ తీశారు.

"ఆ సంగతి ఇవాళ నేను ఆలోచించకూడదమ్మా," అన్నారు. "సిబ్బంది సొంత తెలివి వాడరాదని రూలు." మీసం కింద ఏదో కదిలింది గాని ఆయన దాన్ని అదుపులోకి తెచ్చుకున్నారు.

శుక్రవారం పదింటికి జనరల్ మేనేజరు గారి స్పెషలు బండి మొదటి ప్లాట్‌ఫారం మీద ఆగింది. మెళ్ళో దండలు పడ్డాయి. కుళాయిని తిప్పి చూశారు, బెంచీని వేలితో తుడిచి చూశారు. బడ్డీ టార్పాలిన్ కప్పుకుని రేకుల కింద ఉంది. పక్క బెంచీ మీద సువార్తమ్మ చేతిలో అర్జీతో నిటారుగా కూర్చుంది. త్రినాథరావు ఆమెకూ దొరగారికీ మధ్య తెరలాగా నిలబడ్డాడు.

ఇరవై ఒకటో నిమిషాన ఫోను మోగింది. సీతాపతిగారు బయటికొచ్చి నల్లబల్ల మీద నిదానంగా రాశారు: 'నేటి అప్: గొల్లమెరక.'

దొరగారు అది చూసి సంతోషించారు కూడా. తనిఖీ ముగించి పెట్టెలోకెక్కి కూర్చున్నారు. బండి కదల్లేదు. పావుగంటకు కిటికీలోంచి తల బయటపెట్టారు.

"ఏం మాస్టారూ, ఏమిటి ఆలస్యం?"

"బండి వదలొచ్చని పక్క స్టేషను లైన్ క్లియర్ ఇవ్వాలండి. తమరి బండి అప్పో డౌనో రిజిస్టరులో రాసి చెప్పమంటున్నారు."

"రాయండి మరి!"

"అప్ అంటే కేంద్ర స్థానానికి చేరేదండి. తమరు ఇప్పటికే చేరి ఉన్నారు."

"అయితే డౌన్ రాయండి!"

"డౌన్ అంటే కేంద్ర స్థానాన్ని వదిలి పోయేదండి." సీతాపతిగారు చేతులు కట్టుకున్నారు. "తమరు తమరిని వదిలి ఎలా వెళ్తారండీ?"

"ఏదో ఒకటి రాసి తగలెయ్యండి!"

"ఏదో ఒకటి రాయకూడదని తమరి సర్క్యులరేనండి. పద్దెనిమిదో పేరా. తమరు దిగి ఇక్కడే ఉంటానంటే బండిని డౌన్‌గా వెంటనే పంపేస్తాను."

సర్క్యులరును రద్దు చేద్దామని దొరగారు కలం తీశారు. అది కుదరదని వెంట వచ్చిన కార్యదర్శి చెవిలో చెప్పాడు. రద్దు చేయాలంటే ఫైలు కింది నుంచి పుటప్ కావాలి. ఆయనంతట ఆయన దేన్నీ మొదలుపెట్టే వీలు లేదు. పైవాడి దగ్గరికి కాగితం రావలసిందే గాని, పైవాడి దగ్గర కాగితం పుట్టకూడదు.

పన్నెండయింది. ఒంటిగంటయింది. వెనకాల రాజనగరు బండ్లు వరసగా ఆగిపోయాయి. దొరగారి భోజనం రాజనగరులో సిద్ధమై ఆయన కోసం చూస్తోంది. రెండింటికి ఆయన ప్లాట్‌ఫారం మీదికి దిగారు. దండలు వాడిపోయాయి.

"ఆ బడ్డీ ఎవరిది? తెరవమనండి."

"రద్దయిందండి, ఈ ఉదయం నుంచే," అన్నాడు త్రినాథరావు. "అప్ మారాక ఇరవై నిమిషాలు..."

"అప్ పేరు నా దగ్గర ఎత్తకు!"

సువార్తమ్మ లేచి నిలబడింది. త్రినాథరావు భుజం పక్కనుంచి చెయ్యి చాపి అర్జీని అందించింది.

"కేంద్ర స్థానంలో స్వయంగా ఇవ్వమన్నారండి. ఇస్తున్నాను."

ఆయన చదివారు. ఆకలితో ఉన్న మనిషి గనుక చివరిదాకా చదివారు.

"మా ఆయన చనిపోయింది అదిగో, ఆ పట్టాల మీదండి," అందామె. "మీవాళ్ళు రాసిన రిపోర్టులో అప్ లైను అని ఉంది. ఆ కాగితాన్ని చూసే నాకు పర్మిట్టు కాగితమిచ్చారు. ఇన్నిసార్లు అప్ మార్చారు గదండీ, ఆయన పోయిన చోటు కూడా మార్చారా?"

కుళాయి కారుతున్న చప్పుడు వినబడింది. గవర్రాజు తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. దొరగారు పట్టాల వైపు చూశారు, ఆమె వైపు చూడలేదు.

"నన్నేం చెయ్యమంటావమ్మా? నా కలానికి ఫైలే లేదు."

"అది ఫైలేనండి, మీ చేతిలో ఉన్నది. కింది నుంచే వచ్చింది. మా కంటే కింద ఎవరూ లేరు. దాని మీద తీర్పు రాయండి. ఈ స్టేషనులో అప్ అంటే ఏమిటో, ఇక మారకుండా రాయండి. అప్పుడు మాస్టారు గారు మీ బండికీ పేరు రాసుకుంటారు."

కార్యదర్శి వెతికి చూసి, ఇందులో రూలుకు విరుద్ధమైనదేదీ కనబడటం లేదని బాధగా ఒప్పుకున్నాడు. దొరగారు బెంచీ మీద కూర్చుని అర్జీ వెనక రాశారు: 'అప్పీలు అంగీకరించడమైనది. గొల్లమెరక స్టేషను హద్దుల్లో, శ్రీమతి సువార్తమ్మ బడ్డీ నిలిచియున్న ప్లాట్‌ఫారమే అప్. అచటి నుండి కదులు ప్రతి బండీ అప్. ఇది శాశ్వతము.' సంతకం చేసి తేదీ వేశారు.

సీతాపతిగారు బడ్డీ ఎక్కడ నిలిచి ఉందో ఒకసారి స్వయంగా చూసి వచ్చి, ఫోను ఎత్తారు. "అప్ స్పెషలు. లైన్ క్లియర్ కావాలి." క్షణంలో వచ్చింది.

"ఇడ్లీ ఏమైనా...?" అన్నారు దొరగారు పెట్టె మెట్టు మీద కాలు వేసి.

"పొయ్యి ఇప్పుడే వెలిగిస్తానండి. పర్మిట్టు ఇప్పుడే గదా వచ్చింది. అరగంట పడుతుంది."

"ఇంకో అరగంట ఆగితే మళ్ళీ మకామవుతుందండి," అని సీతాపతిగారు వినయంగా గుర్తుచేశారు. దొరగారు ఒక్క అంగలో లోపలికి వెళ్ళిపోయారు. బండి కదిలింది. దండలు బెంచీ మీదే ఉండిపోయాయి.

జోనంతటా నేటికీ అప్ తిరుగుతూనే ఉందంటారు. గొల్లమెరకలో మాత్రం నిలిచిపోయింది. నల్లబల్ల మీద ఇప్పుడు ఇడ్లీ, ఉప్మా, టీ అని రాసి ఉంటుంది. త్రినాథరావు వచ్చినప్పుడు అవతలి ప్లాట్‌ఫారం నుంచి టీ కోసం సైగ చేస్తాడు. "ఇటు రండి ఇన్‌స్పెక్టరు గారూ," అంటుందామె. "నేను అటు రాకూడదు. మీకు తెలుసు గదా."

మొన్న ఆషాఢంలో ఒక ఉదయం సువార్తమ్మ నేల ఊడ్చాలని చక్రాల కింది రాళ్ళు తీసి, బడ్డీని పలకల దారి వైపు నాలుగడుగులు తోసింది. గదిలోంచి సీతాపతిగారు చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చారు.

"అమ్మా! కదపకమ్మా! రెండు వైపులా బళ్ళున్నాయి!"

సువార్తమ్మ బడ్డీని వదిలి, చీపురు చేతిలోకి తీసుకుంది.

"కంగారుపడకండి మాస్టారు గారూ," అంది. "అప్ కింద ఊడుస్తున్నాను, అంతే."